మంచు మూసిన వేసవులు

ఫుర్కా కనుమ మీదుగా పోయే దారిలో హోస్పెంటాల్ ఊరి వంతుకు వచ్చే ముక్కను ప్లాసిడ్ ఫుర్గర్ ముప్పై ఏళ్లు కాపాడాడు. జూన్‌లో మంచు తవ్వి దారి తెరవడం, వానలకు జారిపడిన బండలను పక్కకు దొర్లించడం, బస్సులు ఒరుసుకుపోయిన గట్లను తిరిగి పేర్చడం అతని ఉద్యోగం. తవ్వుకుంటూ పోతే దారికి రెండు వైపులా మంచు ఇంటికప్పు ఎత్తున గోడలుగా నిలిచేది. ఆ గోడల నడుమ పారను నేలకు ఆనించి, పైన నీలిగుడ్డ పేలికలా మిగిలిన ఆకాశాన్ని చూస్తూ అతడు నిలబడిపోయేవాడు.

"ఏటేటా చూసేదే కదా బావా! కొత్తగా ఏం మొలిచిందని అట్లా నోరు తెరుస్తావు?" అనేవాడు బావమరిది గౌడెన్స్. అతడిదీ ఆ దారి మీద పనే.

"నువ్వు పారవైపే చూస్తావు. నీకెట్లా తెలుస్తుంది?"

"ఇద్దరం ఆకాశంకేసి చూస్తూ కూర్చుంటే దారి మీ తాత వచ్చి తవ్వుతాడా?"

ఈ ఎగతాళిలో న్యాయం లేకపోలేదు. ప్లాసిడ్ పనిదొంగ కాడు. అయితే వయసుతోపాటు మనుషుల్లో సాధారణంగా అరిగిపోయే ఆశ్చర్యమనే గుణం అతనిలో అరగలేదు. పుట్టినప్పటినుంచి చూస్తున్న పాత రాతిబురుజు దగ్గర ఇప్పటికీ ఆగేవాడు. కాలానికి నల్లబడిన కలప ఇళ్ల ద్వారబంధాల మీద ఎవరో ఎప్పుడో చెక్కిన సంవత్సరాలను వేలితో తడిమేవాడు. ఒంటికమాను వంతెన రాళ్లలో పూర్వపు కంచరగాడిదల గిట్టలు తొలిచిన గుంటలున్నాయి. వాటిలో వాననీరు నిలిచినప్పుడు తొక్కకుండా పక్కగా నడిచేవాడు. భార్య ఒటీలియా అతన్ని పాలకు పంపితే, పాలు వచ్చేసరికి పొయ్యి ఆరిపోయేదని ఊళ్లో చెప్పుకునేవారు.

ఆ లోయలో చాలామంది మగవాళ్లలాగే అతడు రాళ్లవాడు కూడా. గడ్డికోతలు ముగిశాక దొరికిన ప్రతి సెలవునాడూ గునపం భుజాన వేసుకుని కొండ ఎక్కేవాడు. గోడల్లాంటి ఆ కొండచరియల్లో అక్కడక్కడ తెల్లటి పలుగురాతి చార పారుతుంది. చార ఉబ్బినచోట, దాని కింద తుప్పురంగు మరకా మెత్తని పచ్చ ఇసుకా కనిపిస్తే, లోపల బోలుగా ఉన్నదని గుర్తు. ఆ బోలులో స్ఫటికాలు పెరిగి ఉంటాయి. పట్నం వర్తకులు కొంటారు. మంచివైతే చర్చిలకు పోతాయి. ముప్పై ఏళ్లలో ప్లాసిడ్‌కు దొరికినవన్నీ పిడికిట్లో పట్టేవే. పెద్ద బొరియ ఒక్కటైనా తెరవాలన్న కోరిక అతనికి గట్టిగా ఉండేది. యాభై నాలుగేళ్లు నిండి, మోకాళ్లు మొరాయించడం మొదలైన తర్వాత ఆ కోరికను బయటికి చెప్పడం మాత్రం మానేశాడు.

రాళ్లవాళ్ల కట్టుబాటు చిన్నది, గట్టిది. బొరియ కనిపెట్టినవాడు తన పేరులోని మొదటి అక్షరాలు చెక్కిన గునపాన్ని దాని నోట్లో నాటి దిగిపోతాడు. ఆ గునపం ఉన్నంతకాలం ఇంకొకరు అందులో చెయ్యి పెట్టరు. చెయ్యే కాదు, కన్ను కూడా పెట్టరు. గునపం తాలూకు మనిషి వరుసగా రెండు వేసవులు రాకపోతే హక్కు పోతుంది. బొరియ తర్వాత చూసినవాడిదవుతుంది. ఇది ఏ కాగితం మీదా లేదు. అయినా తాళంకప్ప లేని ఆ కొండలో దొంగతనం జరిగినట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు.

పందొమ్మిదేళ్ల కిందట, ఎండలు మండిన ఒక వేసవి చివర, కాండిడ్ ట్రెష్ అనే రాళ్లవాడు కొండ దిగివచ్చి సత్రంలో అందరి ముందూ ఒక మాట అన్నాడు. తనకు బొరియ కాదు, గది దొరికిందన్నాడు. మనిషి నిటారుగా కూర్చోగల గది. చేతిలో ఒక్క రాయి లేదు. విరగకుండా తీయాలంటే సామాను కావాలనీ, గునపం నాటి వచ్చాననీ చెప్పాడు. ఏ గోడ మీదో చెప్పలేదు, రాళ్లవాడు చెప్పడు. ఆ వారమే మంచు కురిసింది. నెల తిరగకముందే అతడు వాగుదారిలో కాలు జారిపడి చనిపోయాడు. ఆ తర్వాత ఊళ్లో ఎవరు గొప్పలకు పోయినా "కాండిడ్ గదిలో దాచావా?" అనడం అలవాటయింది. ఆ మాట అన్నవాళ్లలో దుర్మార్గులెవరూ లేరు. అయితే కాండిడ్ భార్య ఆగాత అదే సత్రంలో నేల తుడుస్తూ, కాఫీలు అందిస్తూ బతికిందన్న సంగతి వాళ్లలో ఎవరికీ తట్టినట్టు లేదు.

యుద్ధం ముగిసి రెండేళ్లయిన సంవత్సరం, వేసవి మళ్లీ అట్లాగే మండింది. గడ్డి పసుపుపచ్చబడింది, ఎన్నడూ ఎండని ఊటలు ఎండాయి. సెప్టెంబరు మొదట్లో ప్లాసిడ్ కాకిగోడ అనే కొండచరియ కిందికి వెళ్లాడు. ఉత్తరముఖంగా, ఎండ ఎరగని ఆ గోడ మొదట్లో పాతమంచు దుప్పటిలా పరుచుకుని ఉండేది. ఆ రోజు చూస్తే దుప్పటి అంచు మనిషి ఎత్తున కిందికి జారి ఉంది. కొత్తగా బయటపడ్డ రాయి తడిగా, లేత బూడిదరంగులో, అప్పుడే పుట్టిన దూడలా ఉంది. దాని మీదుగా ద్వారబంధమంత వెడల్పున పలుగురాతి చార పోతోంది. చార నడుమ చీకటి.

అతడు రాతిని కరుచుకుని పైకి పాకాడు. చీకటికి మూరెడు దూరంలోకి వచ్చేసరికి ముఖానికి చల్లటి గాలి తగిలింది. మంచుమీది గాలి కాదది. కొండ లోపలినుంచి, నిద్రలో ఉన్న పెద్ద జంతువు ఊపిరిలా, నెమ్మదిగా వస్తోంది. అంత గాలి రావాలంటే లోపల చాలా చోటుండాలి. సంచిలో దీపం ఉంది. వెలిగిద్దామని చెయ్యి పెట్టినవాడు, బొరియ నోట్లో నిలువుగా నాటిన గునపాన్ని అప్పుడు చూశాడు. దాని మీద కాండిడ్ ట్రెష్ పేరులోని అక్షరాలున్నాయి.

తల కొంచెం వంచితే చాలు. చూసేవాడు లేడు, దూరంగా ఒక కొండమేక మాత్రం రాతి అంచున నిలబడి ఉంది. పైగా రెండు వేసవుల గడువు ఎప్పుడో దాటింది. అయితే అతడు ఇంకొకటి కూడా గమనించాడు. చెక్కిన అక్షరాల అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. ఇనుము మీద తుప్పు టీ మరకంత పలుచగా ఉంది. పందొమ్మిది వేసవుల వాన పడిన ఇనుము అట్లా ఉండదు. కాండిడ్ నాటి వెళ్లిన తర్వాత ఈ గునపం మంచు కిందే ఉండిపోయి ఉండాలి. మరి కొండ తెరవని వేసవులు లెక్కకు వస్తాయా? ఈ ప్రశ్నకు తనకు నచ్చిన జవాబు తానే చెప్పుకోవడం అతనికి సబబుగా తోచలేదు. వెనుదిరిగి, ఆ చల్లటి ఊపిరి వీపుకు తగులుతుండగా కిందికి దిగాడు.

సాయంత్రం ఆగాత సత్రం మెట్లు తోముతూ ఉంది. ప్లాసిడ్ టోపీ తీసి నిలబడ్డాడు.

"వదినా, కాండిడన్న గునపం కనబడింది."

ఆమె బ్రష్షు ఆపలేదు. "గునపమేనా, గది కూడా కనబడిందా?"

"గది చూళ్లేదు."

"ఏం? కళ్లు ఇంట్లో పెట్టి వెళ్లావా?"

"గునపం అడ్డం ఉంది కదా వదినా."

బ్రష్షు ఆగింది.

"పందొమ్మిదేళ్ల నుంచి ఈ గడప తోముతున్నా ప్లాసిడ్. ఈ గడప లోపలే ఆయన్ని కోతలరాయుడన్నారు. తోమితే పోయే మరకా అది? రాళ్లు ఎవరు తీసుకుంటారో నాకక్కర్లేదు. ఆయన చెప్పింది నిజమా కాదా, అది తెలియాలి నాకు."

"నాకూ తెలియదు వదినా. కానీ లోపల్నుంచి గాలి వస్తోంది."

ఆదివారం పూజ ముగిశాక రాళ్లవాళ్లు సత్రంలో కూడారు. వాళ్లందరిలో పెద్దవాడు మైన్‌రాడ్ డానియోత్. కొండ తగవుల్లో అతని మాటే చివరిమాట. ప్లాసిడ్ జరిగింది చెప్పాడు. చెప్పీ చెప్పకముందే గౌడెన్స్ లేచాడు.

"ఇందులో తేల్చేదేముంది పెద్దయ్యా? రెండు వేసవులన్నారు. పందొమ్మిది పోయాయి. బొరియ మా బావది."

"నాది కాదు," అన్నాడు ప్లాసిడ్.

"నువ్వు ఊరుకో! నీ తరఫున నేను వాదిస్తుంటే నామీదే సాక్ష్యం చెప్తావేంటి?"

అందరూ నవ్వారు. ఆగాత కాఫీలు పెడుతూ వాళ్ల మధ్య తిరుగుతోంది. ఆమె ముఖంలో నవ్వు లేదు.

ప్లాసిడ్ తుప్పు సంగతి చెప్పాడు. అక్షరాల పదును చెప్పాడు. "ఆ పందొమ్మిది వేసవుల్లో ఎవరు వెళ్లినా గునపం కనబడేది కాదు పెద్దయ్యా. కనబడని గునపాన్ని వదిలేశాడని ఎట్లా అంటాం?"

"అన్నేళ్లూ మంచు కిందే ఉందని ఎవరు చూశారు?" గౌడెన్స్ బల్ల మీద వేలితో కొట్టాడు. "నడుమ ఏ రెండేళ్లో తెరుచుకుని మళ్లీ మూసుకుపోయుంటే? అది కూడా చెప్పు బావా."

అది సరైన ప్రశ్నే. మైన్‌రాడ్ కాఫీలో బ్రాందీ ఒంపుకుని తీరిగ్గా కలిపాడు.

"ఆ గోడ కింద నేను గొర్రెల్ని కాశాను. కాళ్లు సత్తువ తప్పేదాకా ఏటా కాశాను. కాండిడ్ పోయాక ఆ మంచు తొలగడం నేనెరగను. నేను పోవడం మానేశాక నీ పెదనాన్న కొడుకు కాస్తున్నాడు. ఏరా, మూలన కూర్చున్నావు, నువ్వు చూశావా?"

మూలనుంచి ఆ గొర్రెలకాపరి "లేదు పెద్దయ్యా, ఇదే మొదలు" అన్నాడు.

"సరే. మనుషుల మాటా ఇనుము మాటా ఒకటే అవుతోంది." మైన్‌రాడ్ గిన్నె పక్కన పెట్టాడు. "కొండ తలుపేసుకున్న ఏళ్లు మనిషి లెక్కలో వేయకూడదు. హక్కు కాండిడ్‌ది. వాడు లేడు కాబట్టి ఆగాతది. కానీ ఈ వేసవి తెరుచుకుంది. ఇది మాత్రం లెక్కకొస్తుంది. మంచు పడేలోపు ఆమె స్వయంగా వెళ్లి గునపం మీద చెయ్యి వేయాలి. మనిషిని పంపితే చెల్లదు. వేయలేదా, అది ప్లాసిడ్‌ది."

గౌడెన్స్ తృప్తిగా కుర్చీలో వాలాడు. ఆగాతకు అరవై దాటాయి. కాకిగోడ ఎక్కడం కుర్రవాళ్లకే చెమటలు పట్టించే పని.

ఆగాత పళ్లెం బల్ల మీద పెట్టింది. "పొద్దున మేకల పాలు పితికి వస్తా. అప్పుడు బయల్దేరదాం. గౌడెన్స్, నువ్వూ రా."

"నేనెందుకమ్మా?"

"తాడు మోయడానికి. నాలుక ఒక్కటే మోస్తే సరిపోదుగా?"

మర్నాడు ముగ్గురూ బయలుదేరారు. దేవదారు చెట్లు మోకాలెత్తు పొదలయ్యాయి. పొదలు పోయి గడ్డి వచ్చింది. గడ్డి పోయి రాళ్లు మిగిలాయి. మేకల వెంట ఒక జీవితకాలం తిరిగిన కాళ్లు కావడంతో అంతవరకు ఆగాతే ముందు నడిచింది. లోయ కిందికి జారిపోయి, ఊరు గుప్పెడు గులకరాళ్లయింది; బురుజు వాటిలో ఒక రాయి. ఎదురుగా తెల్లని శిఖరాలు ఒకదాని వెనుక ఒకటి లేచాయి. ఒకదాన్ని దాటి చూస్తే ఇంకొకటి; లెక్కకు అంతు లేదు. ఆమె అంత ఎత్తుకు ఎన్నడూ రాలేదు. ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఇదా ఆయన చూసేది?" అంది.

ప్లాసిడ్ తలూపాడు. ఆమె మళ్లీ నడిచింది.

గోడ దగ్గర ఆమె నడుముకు తాడు కట్టారు. ప్లాసిడ్ పైకి పోయి తాడు పట్టాడు; గౌడెన్స్ కిందినుంచి ఆమె పాదాలను ఒక్కొక్క మెట్టు మీదికి చేత్తో చేర్చాడు. వాదించినవాడే అయినా, ఆ పనిలో అతడు ఏ లోపమూ చేయలేదని చెప్పాలి. నడుమ ఒకచోట ఆమె పట్టు తప్పి వేలాడింది. గోడకు కొట్టుకున్న మోచేతినుంచి రక్తం కారింది. "దించేద్దామా వదినా?" అని ప్లాసిడ్ పైనుంచి అరిచాడు. "లాగరా నాయనా, మాటలు తర్వాత" అని జవాబు వచ్చింది.

బొరియ ముందు ఆమె కాసేపు రొప్పుతూ కూర్చుంది. తర్వాత చెయ్యి చాచి గునపాన్ని పట్టుకుంది. పీకలేదు, పట్టుకుందంతే. ప్లాసిడ్ దీపం వెలిగించి అందించి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. హక్కుదారు చూశాకే ఇతరులు చూడాలి.

ఆమె మోకాళ్ల మీద పాకుతూ లోపలికి పోయింది. వెలుగు గోడమీద కదిలింది, చిన్నదయింది, కనబడకుండా పోయింది. ఎంతసేపైనా చప్పుడు లేదు.

"వదినా! ఉందా?" అని గౌడెన్స్ ఉండబట్టలేక అరిచాడు.

చాలాసేపటికి లోపలినుంచి ఆమె గొంతు వచ్చింది. చర్చిలో మాట్లాడే గొంతు. "రండి. బూట్లు విప్పి రండి."

మేకుల బూట్లు గోడ పగుల్లో పెట్టి, మేజోళ్లతో ఇద్దరూ పాకారు. ఇరుకు దాటగానే తల పైకి లేచింది.

అది గదే. దీపం నడుమ నేలమీద ఉంది. నలుగోడలనుంచీ కప్పునుంచీ పొగరంగు స్ఫటికాలు లోపలికి సాగి ఉన్నాయి. కొన్ని మూరెడు పొడవు, కొన్ని పసిబిడ్డ ఎత్తు. చిక్కటి కాఫీ డికాక్షన్ గట్టిపడినట్టున్న వాటి ఒంట్లోకి వెలుగు పోయి, లోపలెక్కడో ఆగి, తేనెరంగై తిరిగి వస్తోంది. వాటి మొదళ్లలో గులాబీరంగు రాళ్లు, ఎనిమిదేసి పలకలతో, ఎవరో సానపట్టి అమర్చినట్టు ఉన్నాయి. ఎవరూ సానపట్టలేదు. ఎవరి కంటికోసమూ అవి పెరగలేదు. మనిషి పుట్టకముందు మొదలైన పని, చీకట్లో, తొందరలేకుండా, ఒక్క పలక వంకర పోకుండా పూర్తయి ఉంది. ప్లాసిడ్ ఊపిరి తీసినప్పుడు దీపం కొద్దిగా ఊగింది. గది మొత్తం ఊగింది. అతడు ఊపిరి బిగబట్టాడు. తన ముప్పై ఏళ్ల కోరిక ఎంత చిన్నదో అతనికి అప్పుడు తెలిసింది. ఒక పెద్ద రాయి కావాలనుకున్నాడే తప్ప, ఇటువంటిదొకటి ఉంటుందని ఊహించే శక్తి కూడా ఆ కోరికకు లేదు.

గౌడెన్స్ ముందుగా తేరుకుని, బయటికి పాకి ఆకాశం చూసి వచ్చాడు. "పడమట పలుచగా మబ్బు పట్టింది. రెండు మూడు రోజుల్లో మంచు పడుతుంది. మొదలుపెడదాం బావా, పచ్చ ఇసుక వైపునుంచి."

"ఇవాళ ఏదీ ముట్టుకోవద్దు," అంది ఆగాత.

"ఏంటి వదినా! ఇవాళ పోతే పనిరోజు పోయినట్టే. మంచు పడితే మళ్లీ ఎన్నేళ్లకో!"

"నా మొగుడి గదిలోకి వచ్చి నాకే చెప్తావేంటి? ఆయన ఇది ఒక్కసారే చూశాడు. నేనూ చూడనీ. కూర్చో."

గౌడెన్స్ ప్లాసిడ్ వైపు చూశాడు. ప్లాసిడ్ అప్పటికే పచ్చ ఇసుక మీద కూర్చుని ఉన్నాడు. పొద్దు వాలేదాకా ముగ్గురూ అట్లాగే ఉన్నారు. ఆమె ఏడవలేదు. ఒక్కసారి మాత్రం, "అబద్ధం చెప్పడం ఆయనకెప్పుడూ చేతకాలేదు" అంది, ఎవరితోనో చెప్పినట్టు.

తర్వాత రెండు రోజులు పని జరిగింది. మూడోనాడు మంచు కురిసింది. బయటికి వచ్చింది గదిలో పదోవంతు కూడా కాదు. అన్నిటికంటే పెద్ద రాయిని ఆగాత మొదట సత్రానికి మోయించి, తాను తోమిన బల్ల మీద పెట్టించింది. మైన్‌రాడ్ చేతికర్ర ఊతంతో లేచి నిలబడి టోపీ తీశాడు. మిగతావాళ్లు కూడా తీశారు. ఆ రాయి ఇప్పుడు చర్చిలో ఉంది. మిగిలినవాటిని అమ్మిన డబ్బును ఆమె ముగ్గురికీ సమంగా పంచింది. పంచాలని కట్టుబాటు ఏదీ లేదు.

ఆ తర్వాతి వేసవులు చల్లగా పోయాయి. కాకిగోడ మంచు పాతచోటికి ఎక్కి, బొరియను మూసివేసింది. ఆగాత బతికుండగా అది మళ్లీ తెరుచుకోలేదు. మూసుకున్న ఏళ్లు లెక్కకు రావన్న తీర్పు ప్రకారం గది ఇప్పటికీ ఆమె తాలూకే. గునపం బొరియ నోట్లోనే ఉంది. ఆ ఒక్క రోజు కూర్చోకుండా పనిచేసి ఉంటే ఇంకొంత బయటపడేదన్నది కాదనలేని లెక్క. తొందరలో తీసిన రాయి విరుగుతుందన్నదీ అంతే నిజం. ఆగాత చేసింది సరైనదా కాదా అన్న చర్చ సత్రంలో చాలాకాలం నడిచింది, ఇరుపక్షాలా మంచి వాదనలతోనే.

ఆ చర్చను ఎన్నడూ విడవనివాడు గౌడెన్స్. ఏళ్ల తర్వాత కూడా, దారిపనిలో మధ్యాహ్నం రొట్టె విప్పుకుని కూర్చున్నప్పుడు, కాకిగోడ కనిపించే వంపులో మొదలుపెట్టేవాడు.

"ఒక్క రోజు బావా! ఆ ఒక్క రోజు పనిచేసుంటే మనం ఈ పారలు పట్టుకునేవాళ్లమా?"

ప్లాసిడ్ సాధారణంగా జవాబిచ్చేవాడు కాదు. అతడు దారిపనినుంచి విరమించుకున్న ఏడు, చివరి వేసవిలో మాత్రం ఇచ్చాడు.

"ఆ రోజు వదిన బయటికొచ్చింది. వెనకే నేనొచ్చా. దీపం ఆర్పేయరా, దిగాలి అని ఎన్నిసార్లు పిలిచానో గుర్తుందా?"

గౌడెన్స్ రొట్టె నమలడం ఆపాడు. కొండవైపు చూడలేదు, చేతిలో కత్తిని చూసుకున్నాడు.

"చీకటి పడుతోందని పిలిచావు," అన్నాడు చివరికి.

"ఆఁ. అయినా నువ్వు ఆ రాళ్ల ముందునుంచి కదల్లేదు."

గౌడెన్స్ చీజ్ ముక్కను రెండుగా కోసి, పెద్ద సగాన్ని బావకు ఇచ్చాడు.